రాలే చుక్కల రంగులు: కారణాలూ, వాటిని చెప్పే మాటలూ

రాత్రి ఆకాశంలో ఒక వెలుగుగీత క్షణకాలం మెరిసి మాయమైతే "చుక్క రాలింది" అంటాం. "చుక్క తెగిపడింది" అనేవారూ ఉన్నారు. పుస్తకభాషలో దాని పేరు ఉల్క. సంస్కృతంలో ఈ మాటకు మండే కొరవి అనే అర్థం ఉంది. ఆరో శతాబ్దంలో జీవించిన వరాహమిహిరుడు బృహత్సంహితలో ఉల్కల లక్షణాలకు ఒక అధ్యాయమే కేటాయించి, వాటిని ధిష్ణ్య, ఉల్క, అశని, విద్యుత్తు, తార అని ఐదు రకాలుగా విభజించాడు. రాలే చుక్కలన్నీ ఒక్క తీరుగా ఉండవన్న సంగతిని మనవాళ్లు ఏనాడో గుర్తించారన్నమాట.

ఉల్కల మధ్య తేడాల్లో చూసేవారికి ఎక్కువగా గుర్తుండేది రంగు. ఒకటి తెల్లగా, ఒకటి పసుపుగా, మరొకటి ఆకుపచ్చగా కనబడుతుంది. అరుదుగా నీలం, ఎరుపు, ఊదా ఛాయలు కూడా కనిపిస్తాయి. అప్పుడు రెండు ప్రశ్నలు పుడతాయి. ఈ రంగు ఎక్కడిది? రంగును బట్టి ఆ రాయి దేనితో తయారైందో చెప్పగలమా? మొదటి ప్రశ్నకు శాస్త్రం స్పష్టమైన సమాధానమే ఇస్తుంది. రెండో ప్రశ్నకు మాత్రం "కొంతవరకే" అని చెప్పాలి. ఉల్క రంగులో రాయి పాత్ర ఒక భాగం. గాలి, వేగం, చూసేవారి కన్ను కూడా దానిలో చేయి కలుపుతాయి. వీటికి తోడు తెలుగువారికి మరొక చిక్కు ఉంది. అది భాషకు సంబంధించినది. చూసిన రంగును చెప్పడానికి మనం వాడే మాట సాక్ష్యాన్నే తారుమారు చేయవచ్చు. ఈ వ్యాసంలో ముందు కారణాలను, ఆ తర్వాత మాటను పరిశీలిద్దాం.

ముందుగా కొన్ని పదాలు. అంతరిక్షంలో తిరిగే చిన్న రాతిముక్కను ఇక్కడ ఉల్కాకణం అందాం. అది మన వాతావరణంలోకి దూసుకువచ్చినప్పుడు పుట్టే వెలుగు ఉల్క. పూర్తిగా ఆవిరైపోకుండా నేలకు చేరిన ముక్క ఉల్కాశిల. శుక్రగ్రహం కంటే ప్రకాశవంతంగా వెలిగే ఉల్కను అగ్నిగోళం అంటారు. తోకచుక్క వీటన్నింటికంటే వేరు. అది రోజుల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి ఆకాశంలో కనబడుతుంది. అయితే తోకచుక్కలు తమ దారిలో వదిలిన ధూళే చాలా ఉల్కలకు మూలం.

వెలుగు ఎలా పుడుతుంది?

ఉల్క "మండుతుంది" అనడం వాడుకలో ఉన్నా, అది కట్టె మండటం వంటిది కాదు. కట్టె మండటమంటే ఆక్సిజన్‌తో రసాయనికంగా కలవడం. ఉల్క విషయంలో ప్రధానంగా పనిచేసేది వేగం. ఉల్కాకణాలు సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో వాతావరణంలోకి ప్రవేశిస్తాయి. మనకు కనిపించే సామాన్య ఉల్కల్లో చాలావాటి పరిమాణం ఇసుకరేణువుకూ బఠాణీగింజకూ మధ్య ఉంటుంది. ఇవి భూమికి సుమారు 120 నుంచి 80 కిలోమీటర్ల ఎత్తులో వెలుగుతాయి.

ఆ ఎత్తులో గాలి చాలా పలుచన. అయినా సెకనుకు 71 కిలోమీటర్ల వేగంతో వస్తున్న రాతిని ఢీకొన్న ఒక్కొక్క నైట్రోజన్ అణువుకు 700 ఎలక్ట్రాన్ వోల్టులకు పైగా శక్తి ఉంటుంది. మన కంటికి కనిపించే కాంతి పుట్టడానికి రెండు మూడు ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. ఈ దెబ్బలకు రాతి పైపొర కరిగి ఆవిరవుతుంది. ఆవిరిలోని పరమాణువులు గాలి అణువులను ఢీకొంటాయి. ఢీకొన్నప్పుడు పరమాణువులలోని ఎలక్ట్రాన్లు పైస్థాయికి ఎగిరి, వెంటనే కిందిస్థాయికి దిగుతాయి. దిగేటప్పుడు విడుదలయ్యే శక్తే కాంతి. ఉల్కగా మనం చూసేది చాలావరకు ఈ ఆవిరిమేఘపు వెలుగు. లోపలి రాయి దాని ముందు ఎంతో చిన్నది.

ప్రతి మూలకానికీ ఒక సంతకం

ఏ స్థాయినుంచి ఏ స్థాయికి ఎలక్ట్రాన్ దిగిందన్నదాన్ని బట్టి కాంతి తరంగదైర్ఘ్యం, అంటే రంగు, నిర్ణయమవుతుంది. ఈ స్థాయిలు ఒక్కొక్క మూలకానికి ఒక్కొక్క విధంగా ఉంటాయి. వంటింట్లో చారు పొంగి గ్యాసు మంటమీద పడినప్పుడు నీలిమంట పసుపుగా మారడం అందరూ చూసినదే. ఆ పసుపు చారులోని ఉప్పుది, అంటే సోడియానిది. దీపావళి మతాబుల్లో ఎరుపుకు స్ట్రాన్షియం లవణాలు, ఆకుపచ్చకు బేరియం లవణాలు, నీలానికి రాగి లవణాలు వాడటం కూడా ఈ సూత్రం మీదనే.

1859-60 సంవత్సరాలలో జర్మనీలో కిర్కాఫ్, బున్‌సెన్ ఈ విషయాన్ని శాస్త్రంగా స్థిరపరిచారు. వెలుగును పట్టకం గుండా పంపి విడదీస్తే వర్ణపటం వస్తుంది. అందులో ఏ గీత ఎక్కడ ఉందో కొలిస్తే ఆ వెలుగునిచ్చిన మూలకాన్ని గుర్తించవచ్చు. ఇక్కడ "కొలిస్తే" అన్న మాట ముఖ్యం. దానికి తెలుగునేల మీద జరిగిన ఒక పరిశీలన మంచి ఉదాహరణ. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రాన్సు దేశస్థుడైన జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు పరిశీలనశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్నంలో నిలిచాడు. సూర్యుని అంచున ఎగసిన జ్వాలల వర్ణపటంలో ఒక పసుపు గీత ఉంది. కంటికి అది సోడియం పసుపులాంటిదే. సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. ఈ గీత 587.6 దగ్గర ఉన్నట్లు తర్వాత తేలింది. రెండు నానోమీటర్ల లోపు ఉన్న ఆ తేడా వెనుక ఉన్నది ఒక కొత్త మూలకం, హీలియం. 1895లో రామ్సే దాన్ని భూమిమీద వేరుచేసి చూపాడు. "పసుపు" అని మాత్రమే రాసుకొని ఊరుకుంటే హీలియం సోడియంలో కలిసిపోయేది.

ఉల్కల విషయంలోనూ ఇదే జరిగింది. 1860లలో ఇంగ్లండులో అలెగ్జాండర్ హెర్షెల్ పట్టకంతో ఉల్కల వర్ణపటాలను కంటితో చూసి నమోదు చేశాడు. 1897లో హార్వర్డ్ పరిశీలనశాలవారి పెరూ దేశపు అరెకిపా కేంద్రంలో ఒక ఉల్క వర్ణపటం తొలిసారిగా ఛాయాచిత్రంలో నమోదైంది. ఆ తర్వాత పోగైన వేలాది వర్ణపటాల వల్లనే ఉల్కలోని ఏ రంగు దేనిదో మనం చెప్పగలుగుతున్నాం.

రాయి ఇచ్చే రంగులు

ఉల్కాకణాల్లో ఎక్కువ భాగం మెగ్నీషియం, ఇనుము, సిలికాన్, ఆక్సిజన్ ఉన్న రాతిపదార్థం. సోడియం, కాల్షియం, నికెల్ వంటివి తక్కువ పాళ్లలో ఉంటాయి. కంటికి తెలిసే రంగుల్లో వీటి వంతు ఇది:

సోడియం: 589 నానోమీటర్ల దగ్గర నారింజ కలిసిన పసుపు.
మెగ్నీషియం: 517-518 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చ.
ఇనుము: నీలం నుంచి పసుపు వరకు పరుచుకొన్న అనేక గీతలు.
కాల్షియం: విద్యుదావేశం పొందిన పరమాణువులనుంచి 393, 397 నానోమీటర్ల దగ్గర ఊదా.
సిలికాన్: విద్యుదావేశం పొందినప్పుడు 635 నానోమీటర్ల ప్రాంతంలో ఎరుపు.

ఈ పట్టికను చదివేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, పరిమాణానికీ వెలుగుకూ నేరుగా పొంతన ఉండదు. రాతిలో సోడియం పాలు చాలా తక్కువ. అయినా దాని పరమాణువు తేలికగా ఉత్తేజితమవుతుంది గనుక దాని వెలుగు ప్రస్ఫుటంగా కనబడుతుంది. రెండోది, ఆకుపచ్చ ఉల్క కనబడగానే "అందులో రాగి ఉంది" అనేవారున్నారు. రాగి లవణాలను మంటలో ఉంచితే ఆకుపచ్చ రావడం ప్రయోగశాలలో చూసినందువల్ల వచ్చిన ఊహ ఇది. ఉల్కాకణాల్లో రాగి అత్యల్పం. ఆకుపచ్చకు ముందుగా అనుమానించవలసినవి మెగ్నీషియం, ఇంకా కింద చెప్పబోయే ఆక్సిజన్.

ఒకే ఉల్క ప్రయాణంలో రంగు మారడానికి కూడా రాయే ఒక కారణం. మూలకాలన్నీ ఒకేసారి ఆవిరి కావు. సోడియం ముందుగా బయటపడుతుంది. మెగ్నీషియం, ఇనుము ఆ తర్వాత వస్తాయి. కాల్షియం వంటివి అధిక వేడికి గాని లొంగవు. అందువల్ల మొదట పసుపు ఛాయతో మొదలైన ఉల్క చివరకు వేరే ఛాయకు తిరగవచ్చు.

ఈ సోడియం ద్వారానే ఒక విచిత్రమైన విషయం కూడా తెలిసింది. ఏటా డిసెంబరు 13, 14 తేదీలలో మిథునరాశి వైపునుంచి వచ్చే జెమినిడ్ ఉల్కలకు మూలం ఫేథాన్ అనే చిన్న గ్రహశకలం. దాన్ని 1983లో కనుగొన్నారు. అది ఏడాదిన్నర కన్నా తక్కువ కాలంలో సూర్యుని చుట్టూ ఒకసారి తిరుగుతూ, సూర్యునికి సుమారు 2.1 కోట్ల కిలోమీటర్ల దగ్గరకు వెళుతుంది. భూమికీ సూర్యునికీ మధ్యదూరంలో ఇది ఏడో వంతే. దాని కక్ష్యలోనే తిరిగే ధూళికణాలు పదేపదే ఆ వేడికి గురవుతాయి. జెమినిడ్ల వర్ణపటాలు తీసి చూస్తే కొన్నింటిలో సోడియం గీత బలంగా ఉంది, కొన్నింటిలో బలహీనంగా ఉంది, మరికొన్నింటిలో అసలే లేదు. మన గాలిని తాకకముందే సూర్యుని వేడి సోడియాన్ని హరించిందన్నమాట. పసుపు లేకపోవడం కూడా ఒక రాయి చరిత్రను చెబుతుందనడానికి ఇది చక్కని నిదర్శనం.

గాలి ఇచ్చే రంగులు

ఢీకొన్నప్పుడు రాతి పరమాణువులు మాత్రమే వెలగవు. గాలి కూడా వెలుగుతుంది. నైట్రోజన్ అణువులు ఎరుపు భాగంలో విశాలమైన పట్టీలుగా కాంతినిస్తాయి. ఆక్సిజన్ ఎరుపు చివరను దాటి 777 నానోమీటర్ల దగ్గర బలమైన గీతనిస్తుంది. దీన్ని కన్ను దాదాపు చూడలేదు గాని పరికరాలు బాగా పట్టుకుంటాయి.

వీటికంటే ముఖ్యమైనది 557.7 నానోమీటర్ల దగ్గర ఉన్న ఆక్సిజన్ ఆకుపచ్చ గీత. ధ్రువప్రాంతాల ఆకాశంలో కనిపించే ధ్రువకాంతుల ఆకుపచ్చ కూడా ఇదే. ఈ కాంతినిచ్చే ఆక్సిజన్ పరమాణువు ఉత్తేజిత స్థితిలో సుమారు ముప్పావు సెకను ఆగి ఆ తర్వాత గాని కాంతిని విడుదల చేయదు. దట్టమైన గాలిలో అంతసేపు ఆగే అవకాశం ఉండదు. ఈలోగా మరో అణువు తగిలి దాని శక్తిని లాగేసుకుంటుంది. చాలా ఎత్తున, పలుచని గాలిలో మాత్రమే అది నిలదొక్కుకొని వెలుగుతుంది. అందుకే వేగంగా వచ్చి ఎక్కువ ఎత్తులోనే వెలగడం మొదలుపెట్టే ఉల్కల ఆరంభంలోనూ, వాటి వెనుక క్షణకాలం నిలిచే జాడలోనూ ఈ ఆకుపచ్చ కనబడుతుంది. ఆగస్టు నెల పెర్సీడ్ ఉల్కల ఛాయాచిత్రాల్లో గీత మొదట ఆకుపచ్చగా, తర్వాత తెలుపు లేదా గులాబీ ఛాయగా మారడం తరచుగా చూస్తాం. ఆ తొలి ఆకుపచ్చకు రాతితో సంబంధం లేదు. రాయి ఏదైనా, గాలి మనదే.

వేగం చేసే పని

గతిశక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. జెమినిడ్ల వేగం సెకనుకు సుమారు 35 కిలోమీటర్లు, నవంబరులో సింహరాశి వైపునుంచి వచ్చే లియోనిడ్ల వేగం సుమారు 71. వేగం రెట్టింపయినందువల్ల, ఒకే బరువున్న రెండు కణాలు తీసుకుంటే లియోనిడ్‌కు నాలుగు రెట్ల శక్తి ఉంటుంది. పెర్సీడ్ల వేగం సుమారు 59, అక్టోబరు ఒరయనిడ్లది 66, అక్టోబరు నవంబరుల్లో వృషభరాశి వైపునుంచి వచ్చే టారిడ్లది 28 ప్రాంతం.

వర్ణపటాలను పరిశీలించినవారు ఉల్క ఆవిరిలో రెండు భాగాలున్నట్లు గుర్తించారు. ప్రధాన భాగపు ఉష్ణోగ్రత సుమారు 4500 కెల్విన్లు. సోడియం, మెగ్నీషియం, ఇనుము గీతలు చాలావరకు దీనినుంచి వస్తాయి. రెండో భాగం సుమారు 10,000 కెల్విన్ల వేడిది. కాల్షియం ఊదా, సిలికాన్ ఎరుపు వంటి విద్యుదావేశిత పరమాణువుల గీతలు ఇందులో ప్రబలంగా ఉంటాయి. ఈ రెండో భాగం వేగవంతమైన, ప్రకాశవంతమైన ఉల్కల్లో బలంగా ఉంటుంది, నెమ్మదైన వాటిలో క్షీణిస్తుంది. కాబట్టి ఒకే రాతిని రెండు ముక్కలు చేసి, ఒకదాన్ని 20 కిలోమీటర్ల వేగంతోనూ మరొకదాన్ని 70 కిలోమీటర్ల వేగంతోనూ విసరగలిగితే, రెండింటి రంగులు ఒక్కటిగా ఉండవు. నెమ్మదైనది పసుపు, నారింజల వైపు మొగ్గుతుంది. వేగమైనది నీలితెలుపు, ఆకుపచ్చల వైపు మొగ్గుతుంది. ఇది సామాన్య ధోరణి మాత్రమే. ప్రతి ఉల్కకూ వర్తించే నియమంగా దీన్ని తీసుకోకూడదు.

కన్ను, దూరం, కెమెరా

మసక ఉల్కలన్నీ తెల్లగానే కనబడతాయి. వాటికి రంగు లేక కాదు. మన నేత్రపటలంలో రెండు రకాల కణాలున్నాయి. మసక వెలుతురులో పనిచేసే దండకణాలకు రంగు తెలియదు. రంగును గుర్తించే శంకుకణాలకు తగినంత వెలుగు కావాలి. కాబట్టి ఒక మోస్తరు ప్రకాశం దాటిన ఉల్కలకే మనం రంగు చెప్పగలం. మరీ తీవ్రమైన అగ్నిగోళాల్లో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. శంకుకణాలన్నీ ఒకేసారి నిండిపోయి మళ్లీ తెలుపే కనబడుతుంది. కాల్షియం ఊదా వంటి గీతలు ఎంత బలంగా ఉన్నా, ఆ ప్రాంతంలో కంటి చూపుశక్తి తక్కువ కాబట్టి వాటిని తక్కువగానే గుర్తిస్తాం.

దూరం మరో అంశం. బరంపురం మీదుగా 90 కిలోమీటర్ల ఎత్తున ఒక అగ్నిగోళం వెలిగిందనుకుందాం. అక్కడివారికి అది నడినెత్తిన కనబడుతుంది. అక్కడినుంచి నేరుగా 400 కిలోమీటర్ల దూరంలో ఉన్న యానాం నుంచి చూస్తే అది క్షితిజానికి పది పన్నెండు డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఆ వెలుగు యానాం చేరేలోగా దట్టమైన గాలిపొరలను ఏటవాలుగా దాటాలి. ఆ పొరలు నీలాన్ని చెదరగొట్టి ఎరుపును ముందుకు పంపుతాయి. సాయంకాలపు సూర్యుడు ఎర్రబడటానికి కారణమూ ఇదే. కాబట్టి బరంపురంవారు నీలితెలుపు అన్న ఉల్కను యానాంవారు నారింజ అంటే ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పినట్లు కాదు. ఎక్కడ నిలబడి, ఎంత ఎత్తున చూశారో చెప్పకపోతే మాత్రం రెండు సాక్ష్యాలూ ఒకదాన్నొకటి కొట్టివేసుకుంటాయి.

కెమెరా కూడా నిష్పక్షపాత సాక్షి కాదు. కంటికి తెల్లగా కనిపించిన ఉల్క కెమెరాలో ఆకుపచ్చగా రావచ్చు. అది మసకవెలుగును పోగుచేసి రంగుగా చూపగలదు. పైగా ఒక్కొక్క కెమెరా రంగులను ఒక్కొక్క రకంగా సర్దుతుంది.

మూడు ఉదాహరణలు

1992 అక్టోబరు 9న అమెరికా తూర్పు రాష్ట్రాల మీదుగా సాగిన అగ్నిగోళాన్ని వేలమంది చూశారు. ఆ సాయంత్రం ఫుట్‌బాల్ పోటీలను వీడియో తీస్తున్న పలువురి కెమెరాలకు అది చిక్కింది. ఆకుపచ్చగా ఉందని చాలామంది చెప్పారు. దానినుంచి పడిన 12.4 కిలోల రాయి న్యూయార్క్ రాష్ట్రంలోని పీక్‌స్కిల్ పట్టణంలో నిలిపి ఉన్న ఒక కారును ఛిద్రం చేసింది. పరీక్షిస్తే అది సామాన్యమైన రాతి ఉల్కాశిలగా తేలింది. ఆకుపచ్చ వెలుగుకు అసాధారణ లోహమేదీ అక్కరలేదని దీనివల్ల రుజువవుతుంది.

2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద సుమారు 20 మీటర్ల శిల సెకనుకు 19 కిలోమీటర్ల వేగంతో వచ్చి గాలిలోనే పేలింది. దగ్గరలో ఉన్నవారికి అది క్షణకాలం సూర్యుణ్ణి మించి వెలిగింది. అంతటి వెలుగులో రంగులను విడదీసి చెప్పడం కంటికి సాధ్యమయ్యే పని కాదు. పేలుడు తాకిడికి పగిలిన అద్దాల వల్ల సుమారు 1500 మంది గాయపడ్డారు. వారిలో చాలామంది వెలుగును చూడటానికి కిటికీల దగ్గరకు చేరినవారే. వెలుగు ముందు వస్తుంది, తాకిడి తరంగం ఆలస్యంగా వస్తుంది. రంగు చూడాలన్న ఆసక్తి ఉన్నవారు గాజుకిటికీకి దూరంగా ఉండాలన్న పాఠం అక్కడ దొరికింది.

మూడోది మనకు దగ్గరిది. 2022 ఏప్రిల్ 2 రాత్రి మహారాష్ట్ర ఆకాశంలో వెలుగుల వరుస ఒకటి మెల్లగా సాగిపోయింది. ఉల్కాపాతమని చాలామంది అనుకున్నారు. తర్వాత తెలంగాణకు పొరుగున ఉన్న చంద్రపూర్ జిల్లాలో, సిందేవాహి తాలూకా లాడ్‌బోరి గ్రామంలో పెద్ద లోహపు వలయం దొరికింది. అది 2021లో చైనా ప్రయోగించిన రాకెట్ తాలూకు భాగంగా గుర్తించారు. భూకక్ష్యనుంచి జారిపడే వస్తువుల వేగం సెకనుకు 8 కిలోమీటర్లకు మించదు. ఏ ఉల్కకూ 11కు తక్కువ వేగం ఉండదు. రాకెట్ ముక్కలు ఆకాశాన్ని దాటడానికి నిమిషం పైగా పట్టవచ్చు. సామాన్య ఉల్క ఒకటి రెండు సెకన్లలో ముగిసిపోతుంది. రంగును మాత్రమే గమనించినవారు ఈ రెండింటి తేడాను పోల్చుకోలేరు. ఎంతసేపు కనబడిందో లెక్కపెట్టినవారు పోల్చుకోగలరు.

"పచ్చ" అనే మాట

ఇక భాష విషయం. "పచ్చని చుక్క రాలింది" అని ఒక పెద్దాయన చెప్పారనుకోండి. ఆయన చూసింది పసుపా, ఆకుపచ్చా? తెలుగులో పచ్చ రెండింటికీ చెల్లుతుంది. పచ్చకామెర్లలో పచ్చ పసుపు. పచ్చజెండాలో పచ్చ ఆకుపచ్చ. పచ్చని పంటపొలం ఒక రంగు, పచ్చని మేనిఛాయ మరొక రంగు. నవరత్నాల్లో పచ్చ అంటే మరకతం. ఈ రెంటినీ వేరు చేయడానికే ఆకుపచ్చ, పసుపుపచ్చ అని ముందు ఒక మాట చేర్చుకున్నాం.

పొరుగుభాషల మధ్య పెరిగిన విద్యార్థికి ఈ చిక్కు వెంటనే స్ఫురించకపోవచ్చు. తమిళంలో పచ్చై అంటే ఆకుపచ్చే, పసుపుకు మంజళ్ అనే వేరే మాట ఉంది. కన్నడంలో హసిరు, హళది వేరువేరు. మరాఠీలో హిరవా, పివళా, ఒడియాలో సబుజ, హళదియా కూడా అంతే. కాబట్టి మదురైలో పెరిగిన తెలుగు విద్యార్థి ఇంట్లో పెద్దలు చెప్పిన "పచ్చ"ను తమిళపు పచ్చైగా అర్థం చేసుకొని "ఆకుపచ్చ ఉల్క" అని రాసుకునే ప్రమాదం ఉంది. ఉల్క విషయంలో ఈ పొరపాటు చిన్నది కాదు. పసుపైతే అది చాలావరకు రాతిలోని సోడియం సాక్ష్యం. ఆకుపచ్చైతే మెగ్నీషియం కావచ్చు, లేదా రాతితో సంబంధమే లేని ఆక్సిజన్ కావచ్చు. రెండు వేరువేరు కథలు ఒక్క మాటలో కలిసిపోతాయి.

దీనివల్ల తెలుగులో రంగుల మాటలు తక్కువని అనుకోనక్కరలేదు. వస్తువుల పేరుతో రంగును చెప్పే పద్ధతి మనకు పుష్కలంగా ఉంది. చిలకపచ్చ, నెమలికంఠం, వంగపండు, కనకాంబరం, ఉల్లిపొర వంటి మాటలు చీరల బేరంలో నేటికీ వినబడతాయి. షోలాపూరులో స్థిరపడిన తెలుగు నేతకుటుంబాలు రంగునూలుతో బతికినవి. అటువంటి ఇళ్లలోని పెద్దలనుంచి ఈ మాటలు సేకరించుకోవచ్చు. నీలం కలిసిన ఆకుపచ్చను నెమలికంఠమనీ, సోడియపు ఛాయను కనకాంబరానికీ పసుపుకూ నడుమ రంగనీ, ఊదాను వంగపండనీ చెబితే వినేవారికి ఎంతో స్పష్టత కలుగుతుంది. "పచ్చ" అని ఎవరైనా చెప్పినప్పుడు "చిలక పచ్చా, పసుపు పచ్చా?" అని తిరిగి అడగడం మరవకూడదు.

చూసినదాన్ని రాసుకునే పద్ధతి

1988లో ఏర్పడిన అంతర్జాతీయ ఉల్కా సంస్థ అగ్నిగోళాలను చూసినవారినుంచి వివరాలు సేకరిస్తుంది. అందులో రంగు కూడా ఒక అంశం. ఎవరికి పంపినా, పంపకపోయినా, విద్యార్థులు కింది విషయాలను వెంటనే రాసుకోవాలి. గంట గడిస్తే జ్ఞాపకం మాసిపోతుంది, పక్కవారి మాటలు వచ్చి చేరతాయి.

1. తేదీ, సమయం, చూసిన ఊరు.
2. ఎన్ని సెకన్లు కనబడింది. మనసులో "ఒకటి, రెండు" అని లెక్కపెట్టినా చాలు.
3. ఏ దిక్కున మొదలై ఏ దిక్కున ముగిసింది, క్షితిజానికి ఎంత ఎత్తున ఉంది. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు.
4. ప్రకాశం. ఏ నక్షత్రంతో, ఏ గ్రహంతో పోల్చదగినది?
5. రంగు. మొదట, మధ్యలో, చివర విడివిడిగా. "పచ్చ" అని ఒంటిగా రాయకూడదు. వస్తువుతో పోల్చి రాయాలి. రంగు తెలియకపోతే "రంగు తెలియలేదు" అని రాయడం మేలు.
6. వెనుక జాడ మిగిలిందా? మిగిలితే ఎంతసేపు, ఏ రంగులో?
7. ముక్కలయిందా? శబ్దం వినబడిందా? వినబడితే వెలుగు తర్వాత ఎన్ని నిమిషాలకు?

ఈ ఏడింటిలో రంగు ఒకటి మాత్రమే. మిగిలిన ఆరూ తోడుంటేనే దానికి విలువ. ఎత్తు తెలిస్తే గాలి చేసిన ఎరుపును తీసివేయవచ్చు. కాలం తెలిస్తే వేగాన్ని అంచనా కట్టవచ్చు. తేదీ, దిక్కు తెలిస్తే ఉల్క ఏ తోకచుక్క ధూళికి చెందినదో చెప్పవచ్చు. రంగును చూసి రాయి పేరు చెప్పేవారిని నమ్మనవసరం లేదు. రంగుతోపాటు ఈ వివరాలన్నీ చెప్పేవారి మాట మాత్రం వర్ణపటం తీసే శాస్త్రజ్ఞుడికి కూడా పనికివస్తుంది.

ఈ పద్ధతిని అలవాటు చేసుకోవడానికి జెమినిడ్ల రాత్రులు అనువైనవి. పెర్సీడ్ల కాలంలో మన ప్రాంతాల్లో వానమబ్బులు అడ్డుపడటం ఎక్కువ. డిసెంబరు 13, 14 నాటికి దక్కనులో ఆకాశం సామాన్యంగా తేటపడుతుంది. ఊరి దీపాలకు దూరంగా, చంద్రుడు లేని వేళ, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా అరగంట ఆగి చూడాలి. జెమినిడ్లు మరీ వేగమైనవి కావు గనుక రంగును పోల్చుకోవడానికి కొంత వ్యవధి దొరుకుతుంది. కనబడినవాటిలో ఎక్కువ భాగం తెల్లనివే అయినా నిరుత్సాహపడకూడదు. తెలుపు అన్నది కూడా నమోదు చేయవలసిన సమాధానమే. వాటిలో ఒక్కటి రంగుతో వెలిగితే, ఆ రంగును ఇద్దరు ముగ్గురు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా విడివిడిగా రాసి, తర్వాత పోల్చి చూడాలి. మాటలు కలిశాయో లేదో చూసుకుంటే, ఆకాశం గురించి ఎంత తెలుస్తుందో మన తెలుగు గురించీ అంతే తెలుస్తుంది.